అమ్మాయి పెద్దమనిషి అయ్యే ముందు, అయ్యాక

మీ అమ్మాయికి తొమ్మిదో పదో ఏడు నడుస్తోందా? మొన్న సంక్రాంతికి కుట్టించిన లంగా అప్పుడే పొట్టి అయిపోయిందా? స్నానానికి వెళ్తే ఈ మధ్య తలుపు గడియ వేసుకుంటోందా? అయితే ఈ అధ్యాయం మీకోసమే. ఇప్పటికే రజస్వల అయిపోయిందంటారా? ఫర్వాలేదు, చదవండి. ఇందులో సగం పైగా ఆ తర్వాతి సంవత్సరాల గురించే.

ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఎవరెవరికి కబురు పెట్టాలో, మేనమామ ఏం తేవాలో, ఎన్నో రోజున స్నానం చేయించాలో మన ఇళ్లలో పెద్దవాళ్లందరికీ తెలుసు. కానీ ఆ ముందు రోజు రాత్రి దాకా ఆ పిల్లకి ఏం తెలుసు? చాలా ఇళ్లలో ఏమీ తెలియదు. పన్నెండేళ్ల పిల్ల బట్టల మీద రక్తం చూసి తనకేదో పెద్ద జబ్బు చేసిందనుకుంటుంది. బడిలో బెంచీ మీద నుంచి లేవకుండా సాయంత్రం దాకా కూర్చుంటుంది. ఇంటికొచ్చాక ఎవరికి చెప్పాలో, ఏమని చెప్పాలో తెలియక ఏడుస్తుంది. ఆ భయం పిల్లకి మనం పెట్టనక్కర్లేదు. ముందుగా ఓ పావుగంట మాట్లాడి ఉంటే చాలు.

ఆ వయసులో పిల్ల శరీరం మారుతుంది, ఆ శరీరానికి కావలసిన తిండి మారుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు ఆమెను చూసే చూపు మారుతుంది. మొదటి రెండింటినీ పట్టించుకోకుండా మూడోదానికి భయపడి పిల్లని ఇంట్లో కట్టిపడేస్తుంటాం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ రోజు నుంచి ఆమెకు తిండి, సమాచారం, మన అండ పెరగాలి. బడి, ఆట, స్నేహితులు ఏ మాత్రం తగ్గకూడదు. ఇది ఎలా చేయాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ముందే చెప్పండి, మీరే చెప్పండి

ఎప్పుడు చెప్పాలి? ఎనిమిదీ తొమ్మిదేళ్ల నుంచి కొంచెం కొంచెంగా. "అంత చిన్నపిల్లకా?" అనిపిస్తుంది. కానీ ఇప్పుడు నాలుగో తరగతి, ఐదో తరగతిలోనే పెద్దమనిషి అయ్యే పిల్లలున్నారు. మీ అమ్మాయిని గురుకులంలోనో, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలోనో చేర్చబోతున్నారా? అక్కడ ఐదో తరగతి, ఆరో తరగతి నుంచే హాస్టల్ జీవితం మొదలవుతుంది. తొలిసారి నెలసరి వచ్చినప్పుడు మీరు పక్కన ఉండకపోవచ్చు. పెట్టె సర్దేటప్పుడే ఈ మాటా చెప్పి పంపండి.

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదా? అవకాశాన్ని పిల్లలే ఇస్తారు. టీవీలో ప్యాడ్ మీద నీలం నీళ్లు పోసే ప్రకటన వస్తుంది. "అమ్మా, అదేంటి?" అని అడుగుతుంది. "నీకెందుకు, పోయి చదువుకో" అన్నారనుకోండి, ఇది అమ్మను అడగకూడని విషయమని పిల్లకి ఆ ఒక్క మాటతో అర్థమైపోతుంది. ఆ తర్వాత స్నేహితురాలినో ఫోన్‌నో అడుగుతుంది. దానికి బదులు ఇలా చెప్పి చూడండి:

"అది ప్యాడ్ తల్లీ. ఆడవాళ్లకి నెలకోసారి నాలుగైదు రోజులు కింద నుంచి రక్తం వస్తుంది. దెబ్బ తగిలి వచ్చేది కాదు, జబ్బూ కాదు. కడుపులో గర్భసంచి అని ఉంటుంది. అందులో ప్రతి నెలా మెత్తటి పొర ఒకటి తయారవుతుంది. లోపల బిడ్డ లేనప్పుడు దాంతో పనిలేదు కనుక అది బయటికి వచ్చేస్తుంది. నాకు వస్తుంది, అమ్మమ్మకీ వచ్చేది. ఇంకొన్నాళ్లకి నీకూ వస్తుంది. బడిలో ఉన్నప్పుడు వస్తే టీచర్‌కి చెప్పు, ఇంట్లో ఉంటే నాకు చెప్పు."

అంతే. మొదటిసారికి ఇంత చాలు. మిగతా ప్రశ్నలు వారం తర్వాతో నెల తర్వాతో అవే వస్తాయి. అప్పుడూ ఇలాగే, కూర తరుగుతూనో జడ వేస్తూనో, మామూలు గొంతుతో చెప్పండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి ఉపన్యాసం ఇస్తే పిల్లలు బిగుసుకుపోతారు.

అమ్మ లేని పిల్లలకి? పిన్నో, అత్తో, నమ్మకమున్న టీచరమ్మో చెప్పాలి. ఎవరూ లేకపోతే నాన్నే చెప్పాలి. చెప్పగలడు కూడా.

2. ఏది ముందు, ఏది తర్వాత

నెలసరి హఠాత్తుగా ఊడిపడదు. శరీరం రెండేళ్ల ముందు నుంచే కబురు పంపుతూ ఉంటుంది. చూడటం మనకు తెలియాలి.

ఎక్కువమంది పిల్లల్లో 8 నుంచి 13 ఏళ్ల మధ్య మొదట రొమ్ము దగ్గర చిన్న బఠాణీ అంత గట్టిదనం వస్తుంది. తాకితే నొప్పిగా ఉంటుంది. చాలాసార్లు ఒక వైపే ముందు వస్తుంది. "గడ్డ లేచింది" అని కంగారుపడి స్కానింగ్‌లకు పరుగెత్తే తల్లిదండ్రులు ఎందరో. కంగారు అక్కర్లేదు. రెండో వైపు కొద్ది నెలల్లో వస్తుంది. తర్వాత చంకల్లో, మర్మాంగాల దగ్గర వెంట్రుకలు వస్తాయి, చెమట వాసన మారుతుంది, మొటిమలు మొదలవుతాయి, పిల్ల ఒక్కసారిగా పొడుగు సాగుతుంది. రొమ్ము ఎదుగుదల మొదలైన రెండు, రెండున్నరేళ్లకు నెలసరి వస్తుంది.

నెలసరికి కొన్ని నెలల ముందు నుంచి తెల్లగా, పల్చగా కొంచెం ద్రవం కనిపిస్తుంది. "పిల్లకి తెలుపవుతోంది, నీరసం వచ్చేస్తుంది" అంటూ చాలామంది నాటు మందులకు వెళతారు. వాసన, దురద, మంట లేకపోతే అది మామూలే. ఒక రకంగా మీకది ముందస్తు కబురు. ఆ రోజే స్కూలు బ్యాగులో రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, పాత పేపరు ముక్క కలిపి చిన్న సంచిలో పెట్టేయండి.

ఒక విషయం గుర్తుంచుకోండి. పొడవు పెరగడంలో ఎక్కువ భాగం నెలసరికి ముందే జరిగిపోతుంది. ఆ తర్వాత సాధారణంగా 5 నుంచి 7 సెంటీమీటర్లే పెరుగుతారు. అందుకే పుష్టిగా తినిపించాల్సిన కాలం ఫంక్షన్ అయ్యాక మొదలయ్యేది కాదు. తొమ్మిదో పదో ఏటే మొదలైపోతుంది.

"బ్రాయిలర్ కోడి తినడం వల్లే పిల్లలు తొందరగా పెద్దమనుషులవుతున్నారు" అనే మాట ప్రతి పేరంటంలో వినిపిస్తుంది. దాన్ని నమ్మి పిల్లకి ఉన్న మంచి మాంసకృత్తుల తిండిని ఆపేయకండి. తొందరగా ఈడేరడానికీ వయసుకు మించిన బరువుకీ సంబంధం ఉందని పరిశోధనల్లో బాగా తేలింది. చూసుకోవాల్సింది చిప్స్ ప్యాకెట్లనీ, కూల్‌డ్రింకులనీ, గంటల తరబడి కదలకుండా కూర్చోవడాన్నీ. 8 ఏళ్లు నిండకముందే రొమ్ము ఎదుగుదల మొదలైతే మాత్రం పిల్లల డాక్టర్‌కి తప్పక చూపించండి. కొన్ని సందర్భాల్లో వైద్యం ఉంది, ఆలస్యం చేస్తే పిల్ల ఎత్తు తగ్గిపోవచ్చు.

3. మొదటి రోజు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట

పిల్ల వచ్చి చెప్పింది. మీరేం అంటారు? "అయ్యో, అప్పుడేనా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంటారా? ఫోన్ తీసి ముందు మీ అమ్మకి చెబుతారా? రెండూ వద్దు. పిల్ల మీ మొహం చూస్తోంది. తనకు జరిగింది మంచిదో చెడ్డదో మీ మొహంలోనే వెతుక్కుంటుంది.

దగ్గరికి తీసుకోండి. "భయపడ్డావా? చెప్పావు కదా, మంచిపని చేశావు. రా, ఏం చేయాలో చూపిస్తాను" అనండి. వేడినీళ్లు పెట్టండి, ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో దగ్గరుండి చూపించండి, ఇష్టమైనది వండి పెట్టండి. "ఇక నువ్వు చిన్నపిల్లవి కాదు, ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండాలి" అనే మాట ఆ రోజు పొరపాటున కూడా అనకండి. ఎందుకంటే ఆమె ఇంకా చిన్నపిల్లే. ఆ రాత్రి మీ పక్కన పడుకోవాలనుకుంటే పడుకోనివ్వండి.

ఇక వేరుగా కూర్చోబెట్టే ఆచారం. తాటాకుల మీదో ఈతచాప మీదో కూర్చోబెట్టి, వేరే కంచం, వేరే గ్లాసు ఇచ్చి, తొమ్మిదో పదకొండో రోజులు గడప దాటనివ్వని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నాయనమ్మ మాట కాదనలేక ఒప్పుకునే తల్లులూ ఉన్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్లను నొప్పించకుండా మీరు కొంత సర్దుకోవచ్చు. కానీ కొన్నింటి దగ్గర గట్టిగా నిలబడండి. పిల్ల ఇంటి లోపలే, మనుషుల మధ్యే పడుకోవాలి. మరుగుదొడ్డి, నీళ్లు అందుబాటులో ఉండాలి. రోజూ స్నానం చేయాలి. ఇంట్లో అందరూ తినే తిండే తినాలి.

2018 నవంబరులో గజ తుఫాను తమిళనాడును తాకినప్పుడు తంజావూరు జిల్లాలో, తొలిసారి రజస్వల అయిందని ఇంటి నుంచి వేరుగా గుడిసెలో ఉంచిన అమ్మాయి, కొబ్బరిచెట్టు కూలి మీద పడటంతో చనిపోయింది. ఇంట్లో ఉండి ఉంటే ఆ పిల్ల బతికేదేమో. ఆచారం పేరుతో పిల్లని ఒంటరిగా, రక్షణ లేని చోట ఉంచడం ఏ కారణం చేతా సరి కాదు. ఈ మాట నాయనమ్మకి మీరు కాక, ఆవిడ కొడుకు చెబితే తొందరగా వింటుంది.

4. ఫంక్షన్ చేయాలా?

మేనమామ తెచ్చిన పట్టులంగా, అత్తయ్యలు పాడే మంగళహారతులు, చిమ్మిలి ముద్దలు, పసుపు నలుగు. పిల్లకి నచ్చితే అదొక మంచి జ్ఞాపకం. ఆడపిల్ల ఎదిగిందని ఇంటిల్లిపాదీ సంతోషపడటంలో తప్పేమీ లేదు. చిక్కంతా మనం ఆ సంతోషాన్ని ఎక్కడ దాకా లాగుతున్నామన్న దాంట్లో ఉంది.

ముందు పిల్లని అడగండి. ఆరో తరగతి పిల్లకి క్లాసులో మగపిల్లలు కూడా వచ్చే భోజనాలకి స్టేజీ ఎక్కి కూర్చోవడం ఇష్టమేనా? కొందరికి ఇష్టమే. కొందరు సిగ్గుతో చచ్చిపోతారు, పైకి చెప్పరు. వద్దంటే వద్దనే అర్థం.

వీధి మలుపులో పిల్ల నిలువెత్తు బొమ్మతో ఫ్లెక్సీ కట్టకండి. దీని గురించి నేను మెత్తగా చెప్పలేను. ఆమె శరీరంలో జరిగిన మార్పును దారినపోయే ప్రతివాడికీ పటం కట్టి చూపడమది. తెల్లారి ఆ పిల్ల అదే దారిన బడికి వెళ్లాలి. ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేటప్పుడూ ఆమెను అడగండి.

అప్పు చేయకండి. "వాళ్లమ్మాయికి అంత ఘనంగా చేశారు, మనం చేయకపోతే నలుగురూ ఏమనుకుంటారు?" అని వడ్డీకి తెచ్చే డబ్బు ఇంటర్ ఫీజు కట్టే రోజున గుర్తొస్తుంది. చేయాలనుకుంటే వేసవి సెలవుల్లో చేయండి. పరీక్షల ముందు పదకొండు రోజులు బడి మాన్పించడం కన్నా ఓణీల ముహూర్తం రెండు నెలలు వాయిదా పడటం నయం. వచ్చిన కట్నాలూ చదివింపులూ పిల్ల పేరుతో బ్యాంకులో వేసి, పాసుపుస్తకం ఆమె చేతికివ్వండి. అది తన చదువు డబ్బని తెలియనివ్వండి.

5. కంచంలో ఏముంది?

ఈ అధ్యాయంలో ఒక్క భాగమే చదివే తీరిక మీకుంటే ఇది చదవండి.

పెద్దమనిషి అయిన పిల్లకి నువ్వులు బెల్లం దంచిన చిమ్మిలి పెడతారు. నడుం గట్టిపడాలని మినప సున్నుండలు చేస్తారు. ఎండుకొబ్బరి, బెల్లం ఇస్తారు. మన పెద్దవాళ్లు పెట్టిన మంచి అలవాట్లవి. నువ్వుల్లో కాల్షియం, ఇనుము ఉన్నాయి, మినుముల్లో మాంసకృత్తులున్నాయి. పొరపాటు ఎక్కడంటే, పదకొండు రోజులు పెట్టి ఆపేస్తాం. ఆమెకు నెలసరి ఇంకో ముప్పై అయిదు, నలభై ఏళ్లు వస్తుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మీ అమ్మాయి క్లాసులో పదిమంది ఆడపిల్లలుంటే దాదాపు ఆరుగురికి. రక్తహీనత ఎలా కనిపిస్తుంది? మెట్లెక్కితే ఆయాసం. మధ్యాహ్నం క్లాసులో నిద్ర. "చదివింది గుర్తుండటం లేదమ్మా" అనే మాట. జుట్టు రాలడం, పాలిపోయిన మొహం, బియ్యమో బలపమో సుద్దో తినాలనిపించడం. వీటిని బద్ధకమనీ, ఫోన్ పిచ్చి అనీ తిట్టి వదిలేస్తాం. ఒక చిన్న రక్తపరీక్ష చేయించండి. పన్నెండేళ్లు దాటిన అమ్మాయికి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత అంటారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష ఉచితమే.

తిండి సంగతి చూడండి. తోటకూర, గోంగూర, మునగాకు, రాగులు, శనగలు, అలసందలు, ఖర్జూరం. మాంసం తినే ఇల్లయితే గుడ్డు, చేప, వారానికోసారి మటన్. మాంసంలోని ఇనుము ఆకుకూరల్లోని దానికన్నా సులువుగా ఒంటికి పడుతుంది. శాకాహారులైతే పప్పులో, ఆకుకూరలో నిమ్మకాయ పిండండి, భోజనం తర్వాత జామకాయ ఇవ్వండి. వాటిలోని సి విటమిన్ ఇనుమును లోపలికి లాక్కునేలా చేస్తుంది. టీ దానికి సరిగ్గా వ్యతిరేకం. పొద్దున్నే టిఫిన్‌తో పాటు టీ తాగే అలవాటు మాన్పించండి. మానకపోతే కనీసం గంట ఎడం పాటించమనండి.

ఇక ప్రభుత్వం ఇచ్చే మాత్రలు. 10 నుంచి 19 ఏళ్ల పిల్లలకు వారానికొకటి చొప్పున నీలం రంగు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర బడిలోనూ, బడి మానేసినవాళ్లకు అంగన్‌వాడీలోనూ ఇస్తారు. ఆర్నెల్లకోసారి నులిపురుగుల మాత్ర కూడా ఉంటుంది. ఎంతమంది పిల్లలు ఆ నీలం మాత్రను కిటికీలోంచి పారేస్తున్నారో టీచర్లను అడగండి. "వాంతి వస్తోంది" అంటారు. ఖాళీ కడుపుతో వేసుకుంటే కొందరికి వస్తుంది. మధ్యాహ్న భోజనం తర్వాత వేసుకోమనండి. మలం నల్లగా వస్తే భయపడొద్దని ముందే చెప్పండి.

ఎముకల మాటేమిటి? పెద్దయ్యాక ఉండే ఎముక బలంలో దాదాపు సగం ఈ కౌమార వయసులోనే పోగవుతుంది. యాభై ఏళ్లకు మోకాళ్లు, నడుం నొప్పులని బాధపడుతున్న మన అక్కలూ అమ్మలూ పదమూడేళ్లప్పుడు పాలూ పెరుగూ రాగిజావా ఎంత తిన్నారో అడిగి చూడండి. మగపిల్లాడి గ్లాసు నిండాక మిగిలితే ఆడపిల్లకి అన్న లెక్క మీ ఇంట్లో ఇంకా ఉందా? నిజాయితీగా చూసుకోండి. గుడ్లు రెండే ఉంటే ఎవరి కంచంలో పడుతున్నాయి?

నెలసరిలో పెరుగు తినకూడదు, గుడ్డు తినకూడదు, నువ్వులు వేడి అనే మాటలకు వైద్యపరంగా ఆధారం లేదు. ఆవకాయ జాడీ ముట్టుకుంటే ఊరగాయ పాడవదు. తడిచెయ్యి పెడితే పాడవుతుంది, అది ఎవరి చెయ్యైనా.

6. ఎంత రక్తం పోతే ఎక్కువ, ఎంత నొప్పి అయితే ఎక్కువ?

మొదటి రెండేళ్లూ నెలసరి లెక్క తప్పుతుంది. ఒక నెల వచ్చి రెండు నెలలు రాకపోవచ్చు. గర్భసంచికీ అండాశయాలకీ మెదడుకీ మధ్య పొత్తు కుదరడానికి పట్టే కాలం అది. ఈ వయసులో 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా మామూలే. ఏడు రోజుల దాకా ఉండొచ్చు. మొత్తం మీద పోయే రక్తం సగటున 30–40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. చూడ్డానికి ఎక్కువ అనిపిస్తుంది, అంతే.

తేదీలు రాసుకోవడం నేర్పండి. గోడ క్యాలెండర్‌లో చిన్న చుక్క పెట్టుకున్నా చాలు. డాక్టర్ మొట్టమొదట అడిగేది అదే, చాలామంది తల్లులు తడబడేదీ అక్కడే.

ఈ కిందివాటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా స్త్రీల వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి:

గంటకో రెండు గంటలకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే. ఏడు రోజులు దాటి రక్తం ఆగకపోతే. తొలిసారి నుంచే ఇలా ఎక్కువగా పోతుంటే రక్తం గడ్డకట్టడంలో లోపం ఉందేమో పరీక్ష చేస్తారు. "మా ఇంట్లో అందరికీ అంతే" అని సరిపెట్టుకోకండి, అలాంటి లోపం చాలాసార్లు వంశపారంపర్యంగానే వస్తుంది.

నొప్పి వల్ల నెలనెలా బడి మానాల్సి వస్తుంటే. వేడినీళ్ల సంచి, కాసేపు నడక, డాక్టర్ చెప్పిన నొప్పి మాత్ర చాలామందికి పనిచేస్తాయి. మాత్ర వేసుకుంటే పిల్లలు పుట్టరనేది అపోహ. ఇవేవీ పనిచేయకపోతే లోపల కారణం వెతకాలి.

15 ఏళ్లు నిండినా నెలసరి రాకపోతే, లేదా 13 ఏళ్లు నిండినా రొమ్ము ఎదుగుదల మొదలవకపోతే. నెలనెలా పొత్తికడుపు నొప్పి వస్తూ రక్తం మాత్రం కనపడకపోతే ఇంకా ముందే వెళ్లండి. దారి మూసుకుపోయి రక్తం లోపలే నిలిచిపోయి ఉండొచ్చు. చాలాసార్లు చిన్న శస్త్రచికిత్సతో సరైపోయే ఇబ్బంది అది.

రెండేళ్లు దాటాక కూడా నెలలు తప్పుతూ, గడ్డం దగ్గర వెంట్రుకలు, ఎక్కువ మొటిమలు, బరువు పెరగడం ఉంటే అండాశయాలకు సంబంధించిన పీసీఓఎస్ అనే సమస్య కావచ్చు. మొదటి ఏడాదిలోనే స్కానింగ్ చూసి "నీటి బుడగలున్నాయి" అని భయపెడితే మాత్రం ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి. ఈ వయసులో స్కానింగ్ ఒక్కదాన్ని బట్టి ఆ జబ్బును తేల్చరు.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా గురించి అడగండి. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

7. ప్యాడ్ అయినా గుడ్డ అయినా

నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. రక్తం తక్కువగా ఉన్నా సరే. గుడ్డ వాడితే సబ్బుతో ఉతికి నేరుగా ఎండలో ఆరేయాలి. మగవాళ్లు చూస్తారని చీర కింద దాచి నీడలో ఆరబెడితే తడి పూర్తిగా పోదు, దురదలూ పుండ్లూ వస్తాయి. వాడిన ప్యాడ్‌ను పేపర్లో చుట్టి చెత్తబుట్టలో వేయాలి, మరుగుదొడ్లో వేయకూడదు. లోపల కడగడానికి ప్రత్యేకమైన ద్రావణాలు కొననక్కర్లేదు, బయట మామూలు నీళ్లు చాలు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021లో 'స్వేచ్ఛ' పేరుతో ప్రభుత్వ బడుల్లో ఏడు నుంచి పన్నెండో తరగతి అమ్మాయిలకు నెలకు పది ప్యాడ్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. మీ పిల్ల బడిలో ఇప్పుడు ప్యాడ్లు అందుతున్నాయా? మరుగుదొడ్డికి గడియ ఉందా? నీళ్లు వస్తున్నాయా? తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల గురించి అడిగేముందు ఇది అడగండి. ఒక తల్లి అడిగితే ఊరుకుంటారేమో, పదిమంది తల్లులు అడిగితే గడియ బిగిస్తారు.

8. నాన్నగారూ, ఈ భాగం మీకు

నిన్నటిదాకా మీ భుజమెక్కిన పిల్ల. ఫలానా రోజు నుంచి మీరు ఆమె తల నిమరడం మానేశారు. పక్కన కూర్చోవడం మానేశారు. ఏదైనా చెప్పాలంటే "మీ అమ్మాయికి చెప్పు" అని భార్యతో అంటున్నారు. మీరు మర్యాద అనుకుంటున్నారు. పిల్ల ఏమనుకుంటోందో తెలుసా? తానేదో తప్పు చేసిందనీ, నాన్నకి తనంటే ఇష్టం పోయిందనీ.

ఆమెతో మునుపటిలాగే ఉండండి. నెల సరుకుల చీటీలో ప్యాడ్లు కూడా రాయించి మీరే తీసుకురండి. మందుల షాపులో నల్ల కవర్లో చుట్టి ఇస్తుంటే మామూలు కవర్లో వేయమనండి. ఆ చిన్న పని చూసే కొడుకు రేపు తన చెల్లెలితో, భార్యతో ఎలా ఉండాలో నేర్చుకుంటాడు. అన్నట్టు, కొడుక్కీ ఈ సంగతులు చెప్పాలి. క్లాసులో ఏ అమ్మాయి బట్టల మీదైనా మరక కనిపిస్తే నవ్వకుండా, టీచర్‌కి మెల్లగా చెప్పే పిల్లాడిగా పెంచే బాధ్యత మీదే.

9. గడప దగ్గర ఆపకండి

రజస్వల అయ్యాక మన ఇళ్లలో వినిపించే మాటలు ఒకసారి గుర్తు చేసుకోండి. "సైకిలెందుకు ఇక." "కబడ్డీ మానేయ్." "మగపిల్లలతో ట్యూషన్ వద్దు." "గట్టిగా నవ్వకు." ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ కలిస్తే, తన ఒంట్లో ఏదో తప్పు ఉందని ఆ పిల్ల నమ్ముతుంది. నెలసరిలో కూడా ఆడొచ్చు, పరుగెత్తొచ్చు. ఆట ఎముకలకు బలం, నొప్పికి ఉపశమనం, నిద్రకు మంచిది.

తోటివాళ్ల కన్నా ముందే ఎదిగిన పిల్లల మీద ప్రత్యేకంగా కన్ను వేయండి. ఐదో తరగతిలో ఎనిమిదో తరగతి పిల్లలా కనిపించే అమ్మాయికి వెక్కిరింపులూ, పెద్ద మగవాళ్ల చూపులూ వయసుకు ముందే తగులుతాయి. ఇలాంటి పిల్లల్లో దిగులు ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. వంగి నడుస్తోందా? చున్నీ ఎండాకాలంలో కూడా తీయడం లేదా? అడగండి.

మీ భయం నాకు అర్థమవుతుంది. లోకం మంచిది కాదంటారు. నిజమే. అయితే ఆ భయానికి మందు పిల్లకి సమాచారం ఇవ్వడమే. ఎవరు ఎక్కడ తాకకూడదో, తాకితే ఎలా అరవాలో, చుట్టమైనా మాస్టారైనా ఇంటికొచ్చి మీకు ఎలా చెప్పాలో నేర్పండి. చెప్పినప్పుడు "నువ్వే ఏదో చేసి ఉంటావు" అనకండి. 18 ఏళ్ల లోపు పిల్లల మీద జరిగే లైంగిక నేరాలకు 2012 నుంచి పోక్సో చట్టం ఉంది.

10. పెళ్లి మాట

ఫంక్షన్ భోజనాలు అవుతుండగానే ఎవరో ఒకరు అంటారు: "ఇక సంబంధాలు చూడొచ్చు." సరదాకి అన్నా, మీరు నవ్వి ఊరుకోకండి. పిల్ల వింటూనే ఉంటుంది. "దానికి డిగ్రీ అయ్యాక మాట్లాడుకుందాం పిన్నీ" అని అక్కడికక్కడే అనేయండి.

నెలసరి రావడమంటే శరీరం బిడ్డను మోయడానికి సిద్ధమైందని అర్థం కాదు. కటి ఎముకలు ఇంకా ఎదుగుతూనే ఉంటాయి. చిన్న వయసు గర్భంలో రక్తపోటు, కష్టమైన కాన్పు, తక్కువ బరువు బిడ్డ వంటి ప్రమాదాలు ఎక్కువ. అదే 2019–21 సర్వేలో 20–24 ఏళ్ల మహిళల్లో 18 ఏళ్లు నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఇవి పాతకాలపు లెక్కలు కావు. మన కళ్ల ముందు పెరిగిన పిల్లలవి.

2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయడం నేరం. చేసినవాళ్లూ, చేయించినవాళ్లూ, ఆపగలిగీ ఊరుకున్న తల్లిదండ్రులూ శిక్షకు గురవుతారు. మీ వీధిలో, మీ చుట్టాల్లో ఎక్కడైనా చిన్నపిల్లకి పెళ్లి నిశ్చయమైందని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, చేసినవాళ్ల పేరు బయటపెట్టరు, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. ఆ నంబరు మీ అమ్మాయి చేత కూడా కంఠస్థం చేయించండి. ఆమెకు అవసరం రాకపోవచ్చు, పక్క బెంచీ పిల్లకి రావచ్చు.